తుప్పు చెయ్యి

సుకన్య చేతిలో ఏ పాపమూ లేదు. ఉన్నదల్లా చెమట. అందరి చెమటా ఉప్పగానే ఉంటుంది, ఆమెది మరీ ఉప్పన. ఎక్కడో కొందరికి అట్లా ఉంటుంది. వాళ్ళు ఉక్కును పట్టుకుంటే పూట గడవకముందే దాని మీద వేలిముద్ర ఎర్రగా లేస్తుంది. చెయ్యి కడుక్కుని, పట్టుకున్న వస్తువును తుడిచి పెట్టుకుంటే తీరిపోయే సంగతి. కానీ ఆమెను ఇచ్చింది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి. చిక్కంతా అక్కడ వచ్చింది.

జంపఖానా నేసేటప్పుడు పోగును కిందికి దిగ్గొట్టడానికి పంజా అని ఒకటుంటుంది. ఇనుప పళ్ళ దువ్వెనకు ఇనుప పిడి పెట్టినట్టు ఉంటుంది. పెళ్ళయిన మూడో వారం సుకన్య దాన్ని పట్టుకుని ఒక పూటంతా కొట్టింది. తెల్లారేసరికి పిడి మీద నాలుగు వేళ్ళ మచ్చలు, తెల్ల నూలు మీద గోధుమ రంగు చారలు. అత్త సమ్మమ్మ ఆ జంపఖానాను విప్పి వాడకట్టులో అందరికీ చూపించింది. "దీనిది తుప్పు చెయ్యి. ఇనుమునే తిన్నది, ఇల్లును తినదా?" అన్నది. ఆ పూట కోడలి కంచంలో కూర వెయ్యాల్సిన చోట పంజా పెట్టి, "తిను, నువ్వు చేసిందే గదా" అన్నది. మొగుడు భానుచందర్ పక్కనే కూర్చుని తన అన్నం తాను కలుపుకున్నాడు. పెరుగు కూడా అడిగి వేయించుకున్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమెను మగ్గం దగ్గరికి రానివ్వలేదు. కత్తెర ముట్టనివ్వలేదు. బీరువా తాళంచెవి ఆమెకివ్వలేదు, మరిది పెళ్ళానికిచ్చారు. ఇంటికి ఎవరొచ్చినా, చిన్న కోడలిని పేరు పెట్టి పిలిచి చూపించి, "అగో, అది తుప్పుది" అని వంటింటి వైపు గడ్డం ఎత్తేది సమ్మమ్మ. మనుషులకు ఒక్క మాట దొరికితే చాలు, ఎదుటి మనిషి బతుకంతా దానితోనే సరిపెడతారు.

మడికొండ దాటాక హైదరాబాదు రోడ్డు పక్కన రమాకాంత్ పెయింట్‌బాల్ గ్రౌండ్ పెట్టి మూడేళ్ళయ్యాక, అక్కడి కౌంటర్‌లో మాస్కులు, జాకెట్లు ఇచ్చే పనికి సుకన్య చేరింది. ఆట మీకు తెలిసిందే. రెండు జట్లు రేకు డ్రమ్ముల చాటున దాక్కుని, గ్యాసు గన్నులతో రంగు గోలీలు పేల్చుకుంటాయి. గోలీ పగిలి రంగంటితే వాడు అవుట్. ఆడడానికి వచ్చే కాలేజీ పిల్లలు ఆమెను "మేడమ్" అన్నారు. మొదటి రోజు బస్సులో ఇంటికి పోతూ ఆ మాటను మనసులో ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇక్కడ ఆమె చేతి సంగతి ఎవరికీ తెలియదు. ప్రపంచంలో ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

ఆరు నెలల తర్వాత రమాకాంత్ ఆమెను గన్నుల గదికి మార్చాడు. "కట్టయ్యకు కండ్లు ఆగుతలెవ్వు. నువ్వు జర చెయ్యందియ్యి" అన్నాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పలేక, సరే సార్ అన్నది.

కట్టయ్యకు అరవై రెండు. నలభై ఏళ్ళు పవర్‌లూములు బాగుచేసిన మనిషి. లూములు పాత ఇనుము కింద అమ్ముడుపోయాక ఇక్కడికి వచ్చాడు. గన్ను పైభాగం అల్యూమినియం, దానికి తుప్పు భయం లేదు. లోపల ఉండే బోల్టుతోనే తంటా. బోల్టంటే నట్టుకు జోడీ అయ్యేది కాదు, గన్ను పేలినప్పుడు లోపల ముందుకూ వెనక్కూ పరుగెత్తే, బొటనవేలంత లావు ఉక్కు ముక్క. దాని మీద కాస్త తుప్పు లేచినా గన్ను పట్టేస్తుంది, లేదంటే గోలీని లోపలే పగలగొడుతుంది. ముప్పై గన్నులు, ముప్పై బోల్టులు. వాటి మీద ఒక్క మచ్చ లేకుండా మూడు వానాకాలాలు దాటించాడు కట్టయ్య. ఆ సంగతి అడగని వాళ్ళకు కూడా చెప్పేవాడు.

సుకన్య ఆ గదిలో చేరిన నాలుగో రోజు, కట్టయ్య ఒక బోల్టును తెచ్చి ఆమె ముందు పెట్టాడు. దాని మీద వేలిముద్ర, గీతలతో సహా, ఎర్రగా.

"ఏం బిడ్డా, చేతులల్ల ఉప్పు మిల్లు పెట్టినవా?"

ఆమె అతని కాళ్ళు పట్టుకుంది. "కాకా, సార్‌కు చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత."

"లే, లే. చెప్తె నాకేమొస్తది? మా లూముల కాడ గూడ ఒకడుండె గిట్లాంటోడు. వానికి మేం కట్టె పనులిచ్చినం." అని అరలోంచి పల్చటి రబ్బరు గ్లోవ్స్ తీసి ఇచ్చాడు. "ఇవి ఏసుకో. అడిగితె నూనె పడ్తలేదని చెప్పు."

ఆ తర్వాత అతను ఆమెకు పని నేర్పాడు. ఓపికగా కాదు, తిడుతూ. ఆట అయిపోగానే తడి బట్టతో రంగు తుడవాలి. గోలీలోని రంగు గాలిలో తడిని పీలుస్తుంది, దాన్ని తెల్లారిందాకా ఉంచితే ఉక్కు మీద కూర్చుంటుంది. తర్వాత పొడి బనీను గుడ్డ, తర్వాత గన్ను నూనె రెండే చుక్కలు. బైకులకు కొట్టే స్ప్రే పొరపాటున కూడా కొట్టొద్దు, లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోతాయి. నూనె పెట్టాక మళ్ళీ తుడవాలి. "నూనె కనిపియ్యద్దు, ఉండాలె. గంతే పని. కనిపించిందంటె దుమ్ము పడుతది" అనేవాడు. ఆమె నెల రోజుల్లో అన్నీ పట్టేసింది. అంత బాగా పట్టేసినందుకు ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు ముసలాయన.

మెచ్చుకోకపోయినా పర్వాలేదు. కానీ అతనికి వేళాకోళం ఎక్కువ. ఒకరోజు రమాకాంత్ టీ తాగుతూ గదిలోకి వస్తే, "సారూ, మన సుకన్య చెయ్యి పడితె గన్ను గాదు, మిలిట్రీ ట్యాంకు గూడ కరుగుతది" అన్నాడు కట్టయ్య. రమాకాంత్ ఏదో జోకనుకుని నవ్వి పోయాడు. ఆ నవ్వు అయిపోయేదాకా సుకన్య చేతిలోని గుడ్డను మడతపెడుతూనే ఉంది. తర్వాత కట్టయ్య కూడా నాలుక కరుచుకున్నాడు, "ఊకె అన్న బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆమె పళ్ళు కనిపించేటట్టు నవ్వింది. ఆ రోజు నుంచి అతనంటే ఆమెకు అసహ్యం మొదలైంది. అతను చెప్పడని తెలుసు. కానీ చెప్పగలడు. తన బతుకు ఒక ముసలివాడి నోటి మీద ఉందన్న సంగతి ఆమెను లోలోపల తినేసింది. మేలు చేసినవాడిని ద్వేషించడం ఎంత సుఖమో, చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

దసరా వచ్చింది. దసరా మరునాడు గ్రౌండ్‌లో టోర్నమెంట్ పెట్టాడు రమాకాంత్. హైదరాబాదు, కరీంనగర్ నుంచి ఎనిమిది జట్లు. నవమి నాడు పొద్దున్నే అతని తల్లి మల్లవ్వ పూజ సామానుతో దిగింది.

"తుపాకులంటె ఆయుధాలే. ఆయుధపూజ చెయ్యకుంట ఎల్లుండి ఆట పెడ్తరా? ఎవని కన్నన్న పోతె?" అన్నది. అంతటితో ఆగితే గన్నుల మీద నాలుగు పూలు చల్లి ఊరుకునేవాళ్ళు. కానీ ఆమె పుట్టిల్లు నేతవాళ్ళది. దసరాకు మగ్గం సామానంతా విప్పి, కడిగి, ఒక్కోదానికీ బొట్టు పెట్టే ఇంట్లో పెరిగింది. "లోపటి ఇనుము తియ్యిన్రి. అసలు ఆయుధం అది. పైన డొల్లకు పెడితె ఏమొస్తది?" అన్నది.

ముప్పై బోల్టులూ తీసి తెల్ల బట్ట మీద వరసగా పేర్చారు. మల్లవ్వ ఒకదాన్ని వేలితో రాసి చూసింది.

"నూనె మీద బొట్టు నిలుస్తదా? తుడువున్రి మొత్తం. పసుపు నీళ్ళతోటి కడుగున్రి."

కట్టయ్య నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, ఇది ఉక్కు. నూనె తీసి పసుపు నీళ్ళు పోస్తె రేపటికి ఎర్రగైతది."

"నలభై ఏండ్లు నువ్వు మగ్గాలకు పెట్టలేదా?"

"పెట్టిన. లూములకు పైపైన పెట్టినం, నూనె కడగలేదమ్మా."

"నాకే చెప్తానవా?" అని మల్లవ్వ కొడుకు వైపు చూసింది. రమాకాంత్ ఫోను చూసుకుంటూ "అమ్మ చెప్పినట్టు చెయ్యరాదు కట్టయ్యా" అన్నాడు.

మల్లవ్వ మొగుడు పోయి ఏడేళ్ళు. తాను పెట్టకూడదు. ముత్తైదువ కావాలి. గదిలో ఉన్న ముత్తైదువ ఒక్కతే.

సుకన్య గ్లోవ్స్ తోనే కుంకుమ భరిణె అందుకుంది. మల్లవ్వ ఆమె మణికట్టు మీద చరిచింది. "రబ్బరు తొడుక్కొని బొట్టు పెడ్తవా? శవానికి పెడ్తానవా ఏంది? తియ్యి."

సుకన్య బయటికి పోయి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది. తుడుచుకుంటూ ఉండగానే అరచేతుల్లో మళ్ళీ ఊట. భయం వేసిన మనిషికి చెమట ఇంకా పడుతుంది, అది సబ్బుకు లొంగేది కాదు. వచ్చి కూర్చుని, ఎడమచేత్తో బోల్టును పట్టుకుని, కుడి ఉంగరపు వేలితో పసుపు, ఆపైన కుంకుమ పెట్టి, కింద పెట్టింది. మళ్ళీ ఇంకొకటి. ముప్పై సార్లు. తలెత్తినప్పుడల్లా కట్టయ్య ఆమె చేతుల్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఉన్నది జాలి.

హారతి అయిపోయాక మల్లవ్వ అందరికీ చెప్పింది. "రేపు పొద్దుగాల ఉద్వాసన చెప్పేదాక దేన్నీ కదపద్దు. ముట్టద్దు."

భోజనాల వేళ సుకన్య కట్టయ్యను నీళ్ళ ట్యాంకు పక్కకు లాగింది. "కాకా, నువ్వు జర నూనె పెట్టు. నా చెయ్యి పడితె ఇంకింతైతది. రేపు నా ముద్రలన్ని కనబడ్తయి. నా పని పోతది. మల్ల ఆ ఇంట్లనే పడి ఉండాలె నేను."

"దేవుని కాడ పెట్టింది ముట్టద్దు బిడ్డా. నా పుట్టుకల దసరా సామాను ముట్టలే నేను."

"నీ బిడ్డయితె ముట్టవా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కట్టయ్యకు పిల్లల్లేరు. అతను చేతిలోని బీడీని పారేశాడు.

మధ్యాహ్నం మల్లవ్వ ఆఫీసు గదిలో ఏసీ వేయించుకుని పడుకుంది. "కాళ్ళు జర నొక్కు బిడ్డా" అని సుకన్యను కూర్చోబెట్టుకుంది. ఆమె కాళ్ళు నొక్కుతూ అద్దం కిటికీలోంచి గన్నుల గదిని చూసింది. కట్టయ్య చెప్పులు విప్పాడు. బోల్టుల ముందు కూర్చుని దండం పెట్టుకున్నాడు, చెంపలు వేసుకున్నాడు. తర్వాత ఒక్కో బోల్టును గుడ్డతో పట్టుకుని, బొట్టు చెరగకుండా చుట్టూ నూనె రాసి, ఉన్నచోటనే పెట్టసాగాడు. చూపు ఆనదు కదా, ఒక్కోటి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. ఇరవై మూడు పూర్తయ్యేసరికి మల్లవ్వ లేచి టీ అడిగింది. కట్టయ్య గుడ్డను జేబులో కుక్కుకుని బయటికి వచ్చేశాడు. ఏడు మిగిలిపోయాయి.

దసరా నాడు పొద్దున గది తలుపు తీసిన మల్లవ్వ పెట్టిన కేకకు వాచ్‌మన్ కూడా ఉరికి వచ్చాడు. రాత్రంతా నూనె పాకి, కుంకుమ కరిగి, తెల్ల బట్ట మీద ఇరవై మూడు చోట్ల ఎర్రగా కారింది. మిగిలిన ఏడు బోల్టుల మీద బొట్టు బొట్టు లాగే ఉంది. పక్కన మాత్రం మూడేసి వేలిముద్రలు, తుప్పుతో అచ్చు వేసినట్టు.

"దేవుని బొట్టు చెరిపిన్రు! నా కొడుకు వ్యాపారం మీద మన్ను పోసిన్రు!" మల్లవ్వ గోడకు చేరగిలబడింది.

రమాకాంత్ ఏడింటిలో ఒకదాన్ని తీసి వెలుతురులో పెట్టి చూశాడు. తెల్లారితే ఎనిమిది జట్లు వస్తాయి. అతని ముఖం మాడిపోయింది. "ఈ వేళ్ళెవరియి?" అని సుకన్య వైపు తిరిగాడు. "నువ్వే గదా పట్టుకొని బొట్టు పెట్టింది?"

ఆ ఒక్క క్షణంలో సుకన్యకు కంచం కనిపించింది. అన్నం పక్కన పంజా. పదకొండేళ్ళు. ఇప్పుడీ గదిలో కూడా ఆ మాట పుడితే ఇక ఎక్కడికీ పోయేది లేదు.

"నేను బొట్టు పెట్టి కింద పెట్టిన సార్. కట్టయ్య కాకా మల్ల ముట్టిండు. అమ్మ పండుకున్నప్పుడు. నేను అద్దంలకెళ్ళి చూసిన."

అది నిజమే. నిజం కాబట్టి గొంతు వణకలేదు. అంతటితో ఊరుకున్నా సరిపోయేదేమో. ఆమె ఊరుకోలేదు.

"ఆయనది తుప్పు చెయ్యి సార్. ముట్టుకుంటె ఇనుము ఎర్రగైతది. ఎవ్వరికి చెప్పద్దని నాతోటి ఒట్టేయించుకున్నడు. అందుకే నన్ను గ్లోవ్స్ ఏసుకొమ్మన్నడు, మచ్చలొస్తె గ్లోవ్స్ ఏసుకున్నదాని మీదికే అనుమానం రావాలెనని."

ఇంత అబద్ధం ఇంత నున్నగా తన నోట్లోంచి వస్తుందని ఆమెకే తెలియదు. సమ్మమ్మ తన మీద విసిరిన మాటను పదకొండేళ్ళు లోపల దాచుకుని, మరొకరి మీద విసిరింది. విసిరాక ఒళ్ళంతా తేలికైంది. సిగ్గు పడాల్సింది పోయి హాయిగా ఉంది ఆమెకు.

కట్టయ్య తన వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. "ఎవరిది? నాదా?" అన్నాడు. తర్వాత గొంతు లేచింది. "సారూ, అది అబద్ధం. ఆ చెయ్యి దానిది. మొదటి వారంలనే పట్టుకున్న నేను. పని పోతదని ఏడిస్తె దాచిపెట్టిన. నిన్న గూడ అదే మొత్తుకుంటె నూనె పెట్టిన."

"జేబుల ఏముంది?" అన్నది మల్లవ్వ. నూనె గుడ్డ బయటికి వచ్చింది, కుంకుమ మరకలతో. "పూజల పెట్టింది ముట్టి, ఆడివిల్ల మీదికి తోస్తానవా? వయసుకు సిగ్గులేదా?"

"ముట్టిన. తప్పే. తుప్పు మాత్రం నాది గాదు." కట్టయ్య రెండు చేతులూ చాపాడు. "ఫైసలా చెయ్యిన్రి. ఇద్దరి చేతులల్ల చెరొక బోల్టు పెట్టున్రి. మధ్యాన్నం మూడింటి దాక పట్టుకొని కూసుంటం. ఎవరిది ఎర్రగైతదో చూడున్రి."

రమాకాంత్‌కు పందెమంటే ఇష్టం. ఆ కోపంలోనూ అతని కళ్ళు మెరిశాయి. "సరే. సుకన్యా, స్పేర్ డబ్బాలకెళ్ళి రెండు బోల్టులు తే."

స్పేర్ డబ్బా వెనక గదిలో ఉంది. కట్టయ్య కూడా వెంట వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. తన చేతి మీద అతనికి అంత నమ్మకం.

సుకన్య తలుపు దగ్గరికి వేసింది. రెండు బోల్టులు తీసింది. ఒకదానికి గన్ను నూనె పట్టించి, తుడిచింది. అదే నూనెను ఎడమ అరచేతికి రాసి, అదీ తుడిచింది. రెండోదాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచి ఒక్క చుక్క జిడ్డు లేకుండా చేసి, కుడి గుప్పిట్లో బిగించింది. వేళ్ళు తెల్లబడేటట్టు బిగించింది. జీవితంలో మొదటిసారి తన చేతికి బాగా చెమట పట్టాలని ఆమె కోరుకుంది. పట్టింది. ఆ చెమటను బోల్టు చుట్టూ తిప్పి తిప్పి రాసి, పైపైన కొంగుతో అద్ది, బయటికి తెచ్చి కట్టయ్య చేతిలో పెట్టింది.

తన బోల్టును ఎడమచేత్తో పట్టుకుంది. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. బయట వాన. పందెం పది గంటలకు మొదలైంది. పన్నెండు దాటాక రమాకాంత్ ఫోను మాట్లాడడానికి వరండాలోకి పోయాడు, మల్లవ్వకు కునుకు పట్టింది. కట్టయ్య ముఖం తిప్పకుండానే మెల్లగా అన్నాడు.

"ఇప్పుడన్న చెప్పు బిడ్డా. సార్‌కు నేను నచ్చజెప్త. చెమటేమన్న రోగమా? గ్లోవ్స్ ఉండంగ ఏమైతది? పని పోదు. నన్ను నమ్ము."

అతని మాట నిజం కావచ్చు కూడా. సుకన్య ఒక్కసారి అతని వైపు తిరగబోయింది. ఆగి, మల్లవ్వ లేచేటంత గట్టిగా అన్నది. "నేనేం చెప్పాలె కాకా? నీ తప్పు నా మీద ఏసుకోవాల్నా?"

మూడు గంటలకు చేతులు తెరిచారు. సుకన్య బోల్టు కడిగిన గిన్నెలా మెరిసింది. కట్టయ్య బోల్టు నడుమ చుట్టూ ఇటుక పొడి చల్లినట్టు వేళ్ళ మచ్చలు.

మల్లవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రమాకాంత్ కట్టయ్యను పట్టుకుని ఒక బూతు మాట అన్నాడు. అది ఇక్కడ రాయను. తండ్రి వయసు మనిషిని అనే మాట కాదది.

కట్టయ్య అవేవీ వినలేదు. బోల్టును ముక్కు దగ్గరికి తెచ్చుకుని తిప్పి తిప్పి చూశాడు. తన వేళ్ళను ఆ మచ్చల మీద ఆనించి చూసుకున్నాడు. మచ్చలు సన్నగా ఉన్నాయి, వేళ్ళు లావుగా ఉన్నాయి. తర్వాత సుకన్య బోల్టును చూశాడు. దాన్ని ముట్టుకోలేదు, వంగి వాసన మాత్రం చూశాడు. నవ్వొచ్చింది అతనికి.

"నూనె మంచిగ తుడిచినవ్ బిడ్డా. కనిపిస్తనే లేదు."

ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఆయన నోట రాని మెచ్చుకోలు అది. ఆమె కిందికి చూసింది.

"సామాను సదురుకో" అన్నాడు రమాకాంత్. కట్టయ్యకు సర్దుకోవడానికి సామానేమీ లేదు, ఒక టిఫిన్ డబ్బా, ఒక గొడుగు. అది ఇనుప ఊచల గొడుగు. అతను గేటు దగ్గరికి పోయి గొళ్ళెం మీద చెయ్యి వెయ్యబోతే మల్లవ్వ వరండాలోంచి అరిచింది. "ముట్టకు! గేటు ముట్టకు నువ్వు! సుకన్యా, పోయి తియ్యి."

సుకన్య వానలో పోయి గేటు తీసింది. కట్టయ్య ఆమె పక్కనుంచి దాటిపోయాడు. తిట్టలేదు, శపించలేదు. నలభై ఏళ్ళు ఇనుమును బతికించిన చేతుల్ని చంకల్లో పెట్టుకుని, గొడుగు కూడా విప్పకుండా, కాజీపేట వైపు నడిచాడు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు, అంతే.

ఆమె వెనక్కి వచ్చేసరికి మల్లవ్వ ఎదురొచ్చింది. సుకన్య ఎడమచెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళకద్దుకుంది. "ఇది లక్ష్మి చెయ్యి. ఐదు గంటలు పట్టుకున్నా ఇనుము బంగారం లెక్క ఉన్నది" అన్నది. రమాకాంత్ కూడా మెత్తబడ్డాడు. "ఇగ గన్నుల రూముకు నువ్వే ఇన్‌చార్జి. నీకు గ్లోవ్స్ ఎందుకు, ఆ ముసలోని మాట విని ఇన్ని దినాలు ఏసుకున్నవ్" అని అరలోని గ్లోవ్స్ డబ్బా తీసి వాచ్‌మన్‌కు ఇచ్చాడు, బాత్‌రూములు కడగడానికి.

సుకన్య నవ్వింది. ఇన్‌చార్జి మేడమ్. ఆ మాటను పూర్తిగా రుచి చూసేలోపలే మల్లవ్వ మళ్ళీ మొదలుపెట్టింది.

"చెరిగిన బొట్టు అట్లనే ఉంచద్దు. అరిష్టం. జమ్మికి పోకముందె మల్ల పూజ చేద్దాం. ఆ పాపిష్టోడు పూసిన నూనె చుక్క లేకుంట కడుగు. అన్నిటికి మల్ల నువ్వే పెట్టాలె, నీ చేతితోనే. ఒక్కోదాన్ని కండ్లు మూసుకొని అరచేతుల పెట్టుకొని, అమ్మవారిని తలుసుకొని, అప్పుడు పెట్టు."

"అమ్మా, రేపు ఆట ఉన్నది... జరంత నూనె..."

"నూనె మాట ఎత్తకు. ఆడు గూడ నూనె అన్నడు, ఏమైంది?"

సుకన్య రమాకాంత్ వైపు చూసింది. అతను ఫోను చూసుకుంటూ, "రేపు తొమ్మిదింటికి టీములొస్తయి. ఎనిమిదింటికి ఉద్వాసన చెప్పి బిగిద్దాం. నీ చెయ్యి పడ్డది గదా, ఫికర్ లేదు" అన్నాడు.

ఆమె కూర్చుంది. ఏడింటి మీది తుప్పును రుద్ది తీసేసి, పసుపు నీళ్ళతో ముప్పై బోల్టులూ కడిగింది. మల్లవ్వ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని చూసింది. ఒక్కో బోల్టును సుకన్య రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. కళ్ళు మూసుకున్న ప్రతిసారీ చెమట వేళ్ళ సందుల్లోంచి దిగి ఉక్కుకు పట్టుకుంది. కొంగుతో తుడవబోతే మల్లవ్వ వద్దన్నది, ముత్తైదువ చేతి తడి మంచిదన్నది. ముప్పయ్యోది కింద పెట్టేసరికి ఐదయింది.

మల్లవ్వ హారతిచ్చి, గదికి తాళం వేసి, చెవిని నడుముకు దోపుకుంది. "ఇగ ఎవడు ముడతడో చూస్త" అన్నది.

సుకన్య కిటికీ అద్దం దగ్గర నిలబడి లోపలికి చూసింది. బోల్టులు తెల్ల బట్ట మీద శుభ్రంగా, ఎర్రటి బొట్లతో వరసగా ఉన్నాయి. ఇప్పటికైతే ఒక్క మచ్చ లేదు. రేపు ఎనిమిదింటికి ముప్పై బోల్టుల మీదా ఆమె పది వేళ్ళూ ఉంటాయి. ఎవరు ముట్టారని రమాకాంత్ అడుగుతాడు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడి, చెప్పడానికి ఒక పేరు కోసం వెతికింది. వాచ్‌మన్‌ను అనుకుంది, కడిగిన నీళ్ళను అనుకుంది, చివరికి మల్లవ్వను కూడా అనుకుంది. తాళంచెవి మల్లవ్వ నడుముకే ఉంది, గదిలో మరొక మనిషి చెయ్యి పడలేదు.